కళ్ళజోడు ఉన్నవాళ్ళు టెలిస్కోప్‌లో చూసేటప్పుడు అద్దాలు తీయాలా, ఉంచుకోవాలా?

ఖమ్మం నుంచి అడిగిన మిత్రుడి ప్రశ్న క్లుప్తంగా ఇది. ఎనిమిది అంగుళాల ఎఫ్/6 డాబ్సోనియన్ (చేత్తో తిప్పే పీఠం మీద నిలిపే అద్దపు టెలిస్కోప్; ఎఫ్/6 అంటే ఫోకల్ లెంగ్త్ అద్దం వెడల్పుకు ఆరు రెట్లు) కొన్నారు, దాంతో 25 ఎం.ఎం., 10 ఎం.ఎం. ప్లాసల్ రకం ఐపీసులు, అంటే కన్ను పెట్టి చూసే కటకాలు, వచ్చాయి. కుడి కంటికి మైనస్ 4.50, సిలిండర్ 1.25. ఎడమ కంటికి మైనస్ 4.00, సిలిండర్ 0.50. అద్దాలు తీసి 25లో చూస్తే నక్షత్రాలు గీతల్లా సాగుతున్నాయి, చంద్రుడు మాత్రం బాగానే ఉన్నాడు. అద్దాలు పెట్టుకుని 10లో చూస్తే తాళంచెవి కన్నంలోంచి చూసినట్టు మధ్యలో కాస్త తప్ప ఏమీ కనపడటం లేదు. లోపం టెలిస్కోప్‌దా, కంటిదా? అద్దాలు ఉంచాలా, తీయాలా? చివరగా, శుక్లాల ఆపరేషన్ అయిన అమ్మగారికి శని వలయాలు చూపించవచ్చా?

ముందు జవాబు చెప్పేస్తాను. 25తో చూసేటప్పుడు అద్దాలు ఉంచుకోండి. 10తోనూ, అంతకంటే చిన్న ఐపీసులతోనూ తీసేయండి. అన్నిటికంటే ముందు, ఈ రాత్రి నుంచే ఎడమ కన్నుతో చూడటం మొదలుపెట్టండి. టెలిస్కోప్‌లో లోపం ఉండకపోవచ్చు. అది ఖాయం చేసుకునే పరీక్ష కింద రాస్తాను. అమ్మగారికి నిస్సందేహంగా చూపించండి.

ఇక కారణాలు. కళ్ళద్దాల చీటీలో రెండు రకాల అంకెలుంటాయి. మొదటిది మనం మామూలుగా "పవర్" అనేది, మీ మైనస్ నాలుగున్నర లాంటిది. దూరపు చూపు తగ్గినా, చిన్నప్పటి నుంచి ప్లస్ పవర్ ఉన్నా, నలభై దాటాక చత్వారం వచ్చినా, టెలిస్కోప్ దగ్గర ఇదసలు సమస్యే కాదు. ఫోకస్ నాబ్ తిప్పితే సరిపోతుంది. మైనస్ ఉన్నవాళ్ళు ఐపీస్‌ను కాస్త లోపలికి, ప్లస్ ఉన్నవాళ్ళు కాస్త బయటికి జరుపుకుంటారు. ఎంత జరపాలో లెక్క కట్టవచ్చు: ఐపీస్ ఫోకల్ లెంగ్త్‌ను దానితోనే గుణించి, పవర్‌తో గుణించి, వెయ్యితో భాగించాలి. మీ కుడి కంటికి 25 ఎం.ఎం. ఐపీస్‌తో అది 2.8 మిల్లీమీటర్లు. 10 ఎం.ఎం.తో అర మిల్లీమీటరు కూడా లేదు. మైనస్ 8 ఉన్నవాళ్ళు కూడా అద్దాలు తీసి శుభ్రంగా ఫోకస్ చేసుకోగలరు. "మాకు సైట్ ఎక్కువండీ, టెలిస్కోప్ మాకెందుకు" అని వెనక్కి తగ్గేవాళ్ళను చూస్తే నాకు బాధేస్తుంది. ఆ భయానికి ఆధారం లేదు.

రెండో అంకె సిలిండర్. దాని పక్కనే యాక్సిస్ అని డిగ్రీలు రాసి ఉంటాయి. ఆస్టిగ్మాటిజం అంటే ఇదే. కార్నియా, అంటే కంటి ముందున్న పారదర్శక పొర, అన్ని దిక్కుల్లో ఒకే వంపుతో లేకపోవడం వల్ల నిలువు గీతలు ఒకచోట, అడ్డగీతలు ఇంకోచోట ఫోకస్ అవుతాయి. ఫోకస్ నాబ్ ఎంత తిప్పినా సిలిండర్ పోదు. ఒక దిక్కు సరిచేస్తే రెండోది చెడుతుంది. నక్షత్రం ఒక వైపు సాగిన గీతలా ఉండి, నాబ్ తిప్పుతూ పోతే దానికి అడ్డంగా ఇంకో గీతగా మారుతుంది. మీరు చూసినది అచ్చం ఇదే.

ఖగోళశాస్త్రానికి ఈ విషయంతో పాత బంధుత్వమే ఉంది. ఇంగ్లండ్ శాస్త్రవేత్త థామస్ యంగ్ 1801లో తన కంటిలోనే ఈ లోపాన్ని కొలిచాడు. దాన్ని అద్దంతో సరిచేసినవాడు జార్జ్ ఎయిరీ. తన ఎడమ కంటికి చుక్కంత వెలుగు గీతలా కనపడుతోందని గమనించి, ఆ గీతలు ఏ దూరంలో, ఏ దిక్కులో స్పష్టంగా ఉంటాయో కొలుచుకుని, ఇప్స్‌విచ్‌లో ఫుల్లర్ అనే పనివాడి చేత సిలిండర్ వంపు ఉన్న అద్దం చేయించుకున్నాడు. 1825లో కేంబ్రిడ్జ్‌లో ఆ సంగతి వివరించాడు. పదేళ్ళ తర్వాత ఇంగ్లండ్ రాజ ఖగోళవేత్త అయ్యాడు. టెలిస్కోప్‌లో ఎక్కువ రెట్లలో నక్షత్రం చిన్న వెలుగు బిళ్ళలా కనపడుతుంది, ఆ "ఎయిరీ డిస్క్" ఆయన పేరుతో ఉన్నదే. మీ లెక్కలో అది కూడా వస్తుంది, చూడండి.

అసలు కీలకం ఎగ్జిట్ ప్యూపిల్. ఐపీస్ నుంచి బయటికి వచ్చే కాంతి కిరణాల గుత్తి వెడల్పు అది. ఐపీస్ ఫోకల్ లెంగ్త్‌ను టెలిస్కోప్ ఎఫ్ సంఖ్యతో భాగిస్తే వచ్చేస్తుంది. మీ ఎఫ్/6లో 25 ఎం.ఎం.కి 4.2 మిల్లీమీటర్లు, 10 ఎం.ఎం.కి 1.7, రేపు 6 ఎం.ఎం. కొంటే ఒకటి. ఈ కిరణాల గుత్తి కార్నియా మీద ఎంత మేర పడితే, కార్నియాలోని వంకర అంత మేర దెబ్బతీస్తుంది. సన్నటి గుత్తి పడితే కంటి మధ్యభాగంలో చిన్న చుక్క మాత్రమే వాడుకుంటున్నాం, అక్కడ వంపు తేడా పెద్దగా తెలియదు. పగలు బాగా కనపడి, రాత్రి వీధి దీపాలు మాత్రం సాగినట్టు కనపడటానికి కారణమూ ఇదే. చీకట్లో కంటిపాప విచ్చుకుంటుంది, లోపం బయటపడుతుంది.

అంకెల్లో చెప్తాను, ఎందుకంటే అంకెల్లోనే ఇది స్పష్టంగా అర్థమవుతుంది. సిలిండర్ డయాప్టర్లను (చీటీలో పవర్ రాసే కొలమానం ఇదే) ఎగ్జిట్ ప్యూపిల్ మిల్లీమీటర్లతో గుణిస్తే మసక ఎంత కోణంలో పరుచుకుంటుందో మిల్లీరేడియన్లు అనే కోణపు కొలతలో వస్తుంది. మీ కుడి కన్ను, 25 ఎం.ఎం. ఐపీస్: 1.25ని 4.2తో గుణిస్తే 5.25. అంటే సుమారు 18 ఆర్క్ మినిట్లు (ఆర్క్ మినిట్ అంటే డిగ్రీలో అరవయ్యో వంతు). మామూలు కంటికి కనపడే చంద్రుడి వెడల్పు 30 ఆర్క్ మినిట్లు. అంటే ఒక్కో నక్షత్రమూ చంద్రుడి వెడల్పులో సగం దాటిన గీతలా కనపడుతోందన్న మాట. రెండు గీతలకూ మధ్యలో ఫోకస్ పెట్టి రాజీపడితే అది 9 ఆర్క్ మినిట్ల గుండ్రటి మసక అవుతుంది, అంతకంటే తగ్గదు.

అదే కన్నుతో ఒక మిల్లీమీటరు ఎగ్జిట్ ప్యూపిల్‌కు వెళ్తే ఆ గుండ్రటి మసక రెండు ఆర్క్ మినిట్లకు పడిపోతుంది. ఇంకోవైపు కాంతి స్వభావం వల్ల ఏర్పడే ఎయిరీ డిస్క్ అక్కడ 4.6 ఆర్క్ మినిట్లకు పెరుగుతుంది. ఆ డిస్క్‌లో మీ కంటి మసక కలిసిపోతుంది. కాబట్టి గ్రహాలు, జంట నక్షత్రాలు, చంద్రుడి గోతులు ఎక్కువ రెట్లలో చూసేటప్పుడు సిలిండర్ ఉన్నా అద్దాలు లేకుండానే హాయిగా చూడవచ్చు.

ఈ రెండూ సమానమయ్యే చోటును హద్దుగా తీసుకుని నేను ఒక కొండగుర్తు వాడుతుంటాను. సిలిండర్ 0.25 అయితే ఎగ్జిట్ ప్యూపిల్ 3.3 మిల్లీమీటర్ల దాకా అద్దాలు అక్కర్లేదు. 0.50కి 2.3 దాకా. 1.00కి 1.6. మీ 1.25కి 1.5. సిలిండర్ 2.00 ఉంటే 1.2, 3.00 ఉంటే ఒకటికి కాస్త తక్కువ. ఇవి గీత గీసినట్టు మారే హద్దులు కావు. కొందరి కన్ను పట్టించుకోదు, కొందరికి కాస్త ముందే చిరాకు తెలుస్తుంది. ఇప్పుడు మీ రెండు కళ్ళనూ పోల్చండి. కుడి కంటికి 10 ఎం.ఎం. ఐపీస్ కూడా హద్దుకు అవతలే ఉంది. ఎడమ కంటికి అది హాయిగా ఇవతల ఉంది. 25లో కూడా ఎడమ కన్ను మసక, కుడి కంటి మసకలో సగం కంటే తక్కువ. ఎడమ కన్ను వాడమని అందుకే అన్నాను.

అలవాటు లేని కన్నుతో చూడటం మొదట్లో ఇబ్బందిగా ఉంటుంది, కొన్ని రాత్రుల్లో సర్దుకుంటుంది. రెండో కన్ను గట్టిగా మూయకండి. అలా మూస్తే చూస్తున్న కంటి రెప్ప కూడా బిగుసుకుని కార్నియాను కాస్త నొక్కుతుంది, ఉన్న సిలిండర్‌కు ఇంకాస్త కలుస్తుంది. నల్లగుడ్డ ముక్క అడ్డం పెట్టుకుని రెండు కళ్ళూ తెరిచి ఉంచండి. గంటసేపు చూసినా అలసట ఉండదు.

చంద్రుడు 25లో బాగానే ఉన్నాడెందుకు అన్న సందేహానికి జవాబు కూడా ఇక్కడే ఉంది. ఎనిమిది అంగుళాల అద్దంలో చంద్రుడి వెలుగు చాలా ఎక్కువ, ఆ వెలుగుకు మీ కంటిపాప ముడుచుకుపోతుంది. టెలిస్కోప్ 4.2 మిల్లీమీటర్ల గుత్తి పంపినా కన్ను అందులో కొంత భాగాన్నే లోపలికి రానిస్తోంది. దానంతటదే ఎగ్జిట్ ప్యూపిల్ తగ్గిపోయినట్టు.

టెలిస్కోప్‌దా, కంటిదా అని తేల్చే పరీక్ష. ఒక మోస్తరు నక్షత్రాన్ని, మరీ మిరుమిట్లు గొలిపేది కాకుండా, 25 ఎం.ఎం. ఐపీస్ మధ్యలోకి తెచ్చి అద్దాలు లేకుండా చూడండి. ఇప్పుడు మీ తలను కుడికి, ఎడమకు వంచండి. గీత మీ తలతోపాటు తిరిగితే లోపం కంటిది. తల కదలకుండా ఉంచి ఐపీస్‌ను ఫోకసర్‌లో తిప్పండి. గీత దానితో తిరిగితే లోపం ఐపీస్‌ది. రెండింటికీ కదలకపోతే టెలిస్కోప్ వైపు చూడాలి: కొలిమేషన్ (టెలిస్కోప్ అద్దాలు ఒకే వరుసలో సరిగ్గా ఉండటం) చెడటం, క్లిప్పులు బిగుసుకుని అద్దం నొక్కుకుపోవడం, బయటి గాలికి అద్దం ఇంకా చల్లబడకపోవడం లాంటివి. ఆకాశం చూసే మా బృందంలో ఒక అమ్మాయి వారాల తరబడి కొలిమేషన్ స్క్రూలు తిప్పుతూ ఉండేది, ఎంత చేసినా నక్షత్రం గుండ్రంగా రాలేదు. తల వంచి చూడమంటే గీత తలతోపాటు తిరిగింది. కళ్ళజోడు పెట్టుకోగానే అదే టెలిస్కోప్‌లో నక్షత్రాలు సూదిమొనల్లా వచ్చాయి. కొలిమేషన్ ముట్టుకునే ముందు ఈ పరీక్ష చేయడం మా దగ్గర నియమం అయింది.

అద్దాలతో 10 ఎం.ఎం.లో ఎందుకు కుదరడం లేదన్నది ఇప్పుడు చూద్దాం. దీనికి కారణం ఐ రిలీఫ్, అంటే దృశ్యం మొత్తం కనపడాలంటే ఐపీస్ చివరి గాజుకు మీ కన్ను ఎంత దూరంలో ఉండాలో ఆ దూరం. ప్లాసల్‌లో అది ఫోకల్ లెంగ్త్‌లో ఇంచుమించు 70 శాతం. 25కి 17 మిల్లీమీటర్లు, 10కి ఏడే. మీ కళ్ళద్దమే కార్నియాకు 12 నుంచి 14 మిల్లీమీటర్ల ముందు కూర్చుంటుంది, పైన గాజు మందం. ఏడు మిల్లీమీటర్ల చోటులో అదెలాగూ పట్టదు. కళ్ళజోడుతో సౌకర్యంగా చూడాలంటే కనీసం 15, వీలైతే 20 మిల్లీమీటర్ల ఐ రిలీఫ్ కావాలి. విక్సెన్ ఎస్‌ఎల్‌వీ, పెంటాక్స్ ఎక్స్‌డబ్ల్యూ, బాడర్ హైపీరియన్, టెలీ వ్యూ డిలైట్, డెలోస్ ఇవన్నీ 20 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఇచ్చేవే. అయితే వెంటనే కొనకండి. మీ విషయంలో చిన్న ఐపీసులకు అద్దాలే అక్కర్లేదు కదా. అద్దాలు అవసరమయ్యే 25లో 17 మిల్లీమీటర్లు ఎలాగూ ఉంది. రబ్బరు కప్పు కిందికి మడిచేస్తే మీ కళ్ళజోడుతో దృశ్యం అంచు దాకా కనపడుతుంది. ముందుముందు కొనేటప్పుడు మొదటి ఖర్చు 24 నుంచి 30 ఎం.ఎం. మధ్యలో ఐ రిలీఫ్ బాగా ఉన్న ఐపీస్ మీద పెట్టండి. మీకు తేడా తెలిసేది అక్కడే.

కప్పు మడిచినప్పుడు లోహపు అంచు బయటపడే ఐపీసులు కొన్ని ఉంటాయి, అద్దం మీద గీతలు పెడతాయి. ఆ అంచు చుట్టూ రబ్బరు రింగు ఒకటి తొడిగితే చాలు.

ఏ కళ్ళజోడు పెట్టుకోవాలి? ఇక్కడ చాలామంది పొరబడతారు. ప్రోగ్రెసివ్, బైఫోకల్ అద్దాలు ఐపీస్ దగ్గర వద్దు. తల ఏ కోణంలో ఉంటే అద్దంలో ఆ భాగం లోంచి చూస్తాం, పవర్ మారిపోతూ ఉంటుంది. ప్రోగ్రెసివ్‌లలో పక్కభాగాలకు తమదైన సిలిండర్ కూడా ఉంటుంది. దూరపు చూపుకు మాత్రమే చేసిన సింగిల్ విజన్ అద్దాలు కావాలి. మామూలు ప్లాస్టిక్ లెన్స్, యాంటీ గ్లేర్ కోటింగ్‌తో సరిపోతుంది. పాలీకార్బొనేట్, బాగా పలచటి హై ఇండెక్స్ లెన్సులు రంగులను ఎక్కువ విడదీస్తాయి. నాలుగు దాటిన మైనస్‌తో అద్దం మధ్యలోంచి కాక పక్క నుంచి చూస్తే ప్రకాశవంతమైన నక్షత్రానికి ఒకవైపు నీలం, ఒకవైపు ఎరుపు అంచు కనపడుతుంది. గురుగ్రహాన్ని చూస్తూ "టెలిస్కోప్‌లో రంగు లోపం ఉంది" అనుకునేవాళ్ళలో కొందరి సమస్య ఇదే. కళ్ళజోడు పెట్టుకుని మీలాంటి అద్దపు (రిఫ్లెక్టర్) టెలిస్కోప్‌లో చూసినప్పుడు రంగు అంచులు కనపడితే ముందు తల కాస్త జరిపి అద్దం మధ్యలోంచి చూడండి. బ్లూ కట్ కోటింగ్ ఈ పనికి అక్కర్లేదు.

డబ్బు మిగిల్చే సంగతి ఒకటి. టెలిస్కోప్ దగ్గర మైనస్ పవర్ సరిగ్గా ఉండాల్సిన అవసరం లేదు, అది ఫోకస్‌లో సర్దుకుంటుంది. సిలిండర్, యాక్సిస్ సరిగ్గా ఉంటే చాలు. అందుకని బీరువాలో పడి ఉన్న పాత కళ్ళజోడు తీసి, దాని చీటీలోని సిలిండర్, యాక్సిస్‌లను ఇప్పటి చీటీతో పోల్చి చూడండి. చాలామందికి మైనస్ మారినంతగా సిలిండర్ మారదు. రెండూ దగ్గరగా ఉంటే అదే మీ టెలిస్కోప్ కళ్ళజోడు. మంచు పడ్డా, దుమ్ము పట్టినా దిగులుండదు.

ఇంకో మార్గం, సిలిండర్ మాత్రమే ఉన్న అద్దాన్ని ఐపీస్ మీదే పెట్టడం. టెలీ వ్యూ వాళ్ళు డయాప్ట్రిక్స్ పేరుతో ఇలాంటిది అమ్ముతారు, కానీ వాళ్ళ ఐపీసుల్లోనే కొన్నిటికి సరిపడేలా చేసింది. నేను చేసిన పని వేరు. కళ్ళద్దాల షాపులో నా సిలిండర్ పవర్‌కు, మైనస్ ఏమీ లేకుండా, ఒక గుండ్రటి లెన్స్ కోయించి ఐపీస్ రబ్బరు కప్పులో కూర్చోబెట్టాను. ఏదైనా నక్షత్రాన్ని చూస్తూ లెన్స్‌ను మెల్లగా తిప్పుతూ పోతే ఒకచోట గీత ముడుచుకుని చుక్క అవుతుంది. అక్కడ అంచు మీద గుర్తు పెట్టుకోవాలి. ఒకే ఇబ్బంది ఏమిటంటే, డాబ్సోనియన్‌లో ఆకాశంలో చోటు మారేకొద్దీ తల వంచే కోణం మారుతుంది, లెన్స్‌ను మళ్ళీ కాస్త తిప్పుకోవాలి. కళ్ళజోడైతే తలతోనే తిరుగుతుంది కాబట్టి ఆ బాధ లేదు. మీ కుడి కన్నే వాడాలని గట్టిగా ఉంటే ఈ ఉపాయం ప్రయత్నించదగ్గదే.

కాంటాక్ట్ లెన్సుల గురించి పెద్దగా చెప్పను. టోరిక్ లెన్సులు సిలిండర్‌ను సరిచేస్తాయి, ఐ రిలీఫ్ గొడవ ఉండదు. కానీ రెప్ప వేసినప్పుడల్లా కాస్త తిరిగి మళ్ళీ సర్దుకుంటాయి, రెప్ప వేయకుండా చూసే అలవాటు వల్ల త్వరగా ఆరిపోతాయి. రోజూ వాడేవాళ్ళు వాడుకోవచ్చు, టెలిస్కోప్ కోసమే కొత్తగా మొదలుపెట్టక్కర్లేదు.

టెలిస్కోప్ గొట్టం బయట మాత్రం మీకు కళ్ళజోడు తప్పనిసరి. రెడ్ డాట్ ఫైండర్‌తో, అంటే ఆకాశం మీద ఎర్రచుక్క చూపే సాధనంతో, గురిపెట్టాలంటే ఆకాశంలో నక్షత్రం స్పష్టంగా కనపడాలి, మైనస్ 4.50తో అద్దాలు తీస్తే అది సాధ్యం కాదు. పెట్టడం, తీయడం పదేపదే ఉంటుంది కనుక మెడలో వేలాడే తాడు కట్టుకోండి. అదే మైనస్ వల్ల ఒక లాభం కూడా ఉంది. అద్దాలు తీస్తే మీ కన్ను 22 సెంటీమీటర్ల దూరంలో దానంతటదే ఫోకస్ అవుతుంది. ఎర్రలైటు కింద స్టార్ చార్ట్ చదవడానికి, చత్వారం వచ్చినవాళ్ళు పడే అవస్థ మీకు ముందుముందు కూడా ఉండదు.

మామూలు కంటితో నక్షత్రాలు చూసేటప్పుడు ఇప్పటి అద్దాలు కూడా కాస్త తక్కువ పడినట్టు అనిపించవచ్చు. కంటి పరీక్ష ఆరు మీటర్ల దూరానికి చేస్తారు, నక్షత్రాలు అనంత దూరంలో ఉంటాయి. ఆ తేడా డయాప్టర్‌లో ఆరో వంతు. దీనికి తోడు మసక వెలుతురులో చాలామంది కళ్ళు కొంచెం మైనస్ వైపు జరుగుతాయి. రాజ ఖగోళవేత్త నెవిల్ మాస్కెలిన్ 1789లోనే తన కంటిలో ఇది గమనించి రాశాడు. పావు డయాప్టర్ అదనంగా ఉన్న కళ్ళజోడు ఆకాశం చూడటానికి విడిగా చేయించుకున్నవాళ్ళు నాకు తెలుసు, వాళ్ళు దాన్ని వదలరు.

ఫోకస్ చేసే పద్ధతి గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే వయసులో ఉన్న కన్ను తనంతట తాను సర్దుకుపోయి మోసం చేస్తుంది. ఐపీస్‌ను ముందు బయటికి లాగి, నెమ్మదిగా లోపలికి తెస్తూ, మొదటిసారి స్పష్టత వచ్చిన చోట ఆపండి. ఇంకా లోపలికి తోసినా బాగానే కనపడుతుంది, కానీ అక్కడ కంటిలోని లెన్స్ శ్రమపడి ఫోకస్ చేస్తూ ఉంటుంది. కాసేపటికి తలనొప్పి మొదలవుతుంది, సన్నటి వివరాలు వచ్చిపోతుంటాయి.

ఇక అమ్మగారి సంగతి. ఆపరేషన్‌లో పెట్టే కృత్రిమ లెన్స్‌కు తనంతట తాను ఫోకస్ మార్చుకునే శక్తి లేదు. కాబట్టి మీరు మీ కంటికి పెట్టిన ఫోకస్ ఆవిడకు పనికిరాదు. ఆవిడ చేయి పట్టుకుని నాబ్ మీద పెట్టి, ఆవిడనే తిప్పనివ్వండి. పెద్దవాళ్ళు మొహమాటానికి "ఆఁ, బాగుంది నాయనా" అనేస్తారు. వలయానికీ గ్రహానికీ మధ్య నల్లటి సందు కనపడుతోందా అని అడగండి, అప్పుడు నిజంగా ఫోకస్ కుదిరిందో లేదో తెలుస్తుంది. వలయాలు అంచువైపు నుంచి కనపడే సంవత్సరాల్లో ఆ సందు ఉండదు, అప్పుడు సన్నటి గీత గ్రహాన్ని దాటి రెండు వైపులా వస్తోందా అని అడగండి. కూర్చోవడానికి ఎత్తు సరిపడే కుర్చీ వేయండి. వంగి నిలబడితే కన్ను నిలకడగా ఉండదు.

మా బృందంలో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడికి శుక్లం ముదురుతున్న రోజుల్లో ఒక్క కన్నుతో చూసినా చంద్రుడి అంచు రెండు మూడు పొరలుగా కనపడేది, దీపాల చుట్టూ ముళ్ళలా కిరణాలు. శుక్లంలోని మసక మచ్చలు కాంతిని రకరకాలుగా చెదరగొట్టడం వల్ల అలా అవుతుంది. ఎగ్జిట్ ప్యూపిల్ తగ్గించి కొన్నాళ్ళు నెట్టుకొచ్చారు. ఆపరేషన్ తర్వాత మొదటిసారి అభిజిత్ నక్షత్రాన్ని చూసి, "ఇంత నీలమా ఇది!" అన్నారు. వయసుతో కంటి లెన్స్ పసుపుబారి నీలం వెలుగును ఆపేస్తుంది. కొత్త లెన్స్ దాన్ని రానిస్తుంది.

ఇంట్లో ఇంకెవరికైనా శుక్లాల ఆపరేషన్ చేయించాల్సి ఉండి, వాళ్ళకు ఆకాశం మీద ఇష్టం ఉంటే, డాక్టర్‌కు ఆ సంగతి ముందే చెప్పండి. దూరం, దగ్గర రెండూ కనపడే మల్టీఫోకల్ లెన్సులు వెలుగును పంచుకుంటాయి. రాత్రిపూట దీపాల చుట్టూ వలయాలు రావడం, కాంట్రాస్ట్ తగ్గడం వాటితో ఉంటుంది. నక్షత్రాలు చూసేవాళ్ళకు దూరానికి పెట్టిన మోనోఫోకల్ (ఒకే దూరానికి ఫోకస్ అయ్యే లెన్స్) మంచిది, చదవడానికి అద్దాలు పెట్టుకోవచ్చు. ఆపరేషన్ అయిన కొన్నేళ్ళకు చూపు మళ్ళీ మంచు పట్టినట్టయితే కంగారు పడక్కర్లేదు. లెన్స్ వెనక పొర మసకబారడం మామూలే, లేజర్‌తో దాన్ని తొలగిస్తారు.

చిన్న ఐపీసులకు వెళ్ళాక మీకు కొత్తగా ఒకటి కనపడుతుంది: చంద్రుడి మీద, గురుగ్రహం మీద వెంట్రుకల్లా, నలుసుల్లా తేలుతూ నీడలు. ఇవి కంటిలోని ద్రవంలో ఉండే ఫ్లోటర్స్. సన్నటి కిరణాల గుత్తి వాటి నీడను రెటీనా (కంటి వెనక ఉండే తెర) మీద స్పష్టంగా పడేస్తుంది. ఎగ్జిట్ ప్యూపిల్ ఒకటి కంటే తగ్గితే గొడవ మొదలవుతుంది, 0.6 దగ్గర మరీ ఎక్కువ. మీ టెలిస్కోప్‌కు 6 ఎం.ఎం. ఐపీస్, 200 రెట్లు, ఆచరణలో చాలినంత. మన దగ్గర ఎక్కువ రాత్రులు గాలి నిలకడ కూడా అంతకు మించి పోనివ్వదు. అయితే ఫ్లోటర్స్ ఒక్కసారిగా పెరిగినా, కంటి మూల మెరుపులు కనపడినా, చూపులో ఒకవైపు తెర దిగినట్టున్నా ఆ రోజే కంటి డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. మైనస్ ఎక్కువ ఉన్న కళ్ళకు రెటీనా ఊడే ప్రమాదం మిగతావాళ్ళకంటే ఎక్కువ, ఇందులో ఆలస్యం పనికిరాదు.

పాలిపోయిన గెలాక్సీలు, నెబ్యులాలు చూసేటప్పుడు పక్కచూపు వాడాలని మీరు వినే ఉంటారు. రెటీనా నడిమధ్యలో చీకటి చూపుకు పనికొచ్చే రాడ్ కణాలుండవు. పక్కగా పది పదిహేను డిగ్రీల దూరంలో అవి దట్టంగా ఉంటాయి. కానీ చెవి వైపు చూపులో సుమారు 15 డిగ్రీల దగ్గర అంధబిందువు ఉంది, వస్తువు అక్కడ పడితే మాయమైపోతుంది. కాబట్టి వస్తువు ఎప్పుడూ మీ ముక్కు వైపు ఉండాలి. ఎడమ కన్నుతో చూస్తుంటే వస్తువుకు కాస్త ఎడమకు చూడండి. కుడి కన్నైతే కుడికి. కన్ను మార్చమన్నాను కనుక ఇది ప్రత్యేకంగా చెప్తున్నాను, పాత అలవాటుతో కుడికి చూస్తే ఎడమ కంటికి గెలాక్సీ దొరక్కపోవచ్చు. రాడ్లు పూర్తిగా సిద్ధం కావడానికి అరగంట నుంచి నలభై నిమిషాల చీకటి కావాలి, మధ్యలో ఫోన్ తెర ఒక్కసారి చూసినా మళ్ళీ మొదటికే. అంత చీకట్లో ఉన్నాక కూడా తోటివాళ్ళకు కనపడే నక్షత్రాలు మీకు అసలే కనపడకపోతే, అది రేచీకటి కావచ్చు, కంటి పరీక్ష అవసరం.

ఈ రాత్రి ఆకాశం తేటగా ఉంటే ముందు తల వంచే పరీక్ష రెండు కళ్ళకూ విడివిడిగా చేయండి. తర్వాత 25లో ఎడమ కన్నుతో అద్దాలు ఉంచి ఒకసారి, తీసి ఒకసారి, 10లో తీసి ఒకసారి చూడండి. ఏ కంటికి ఎలా కనపడిందో ఇక్కడే రాయండి. ఎడమ కంటికి 25లో అద్దాలు లేకపోయినా ఫరవాలేదనిపిస్తే కొత్త ఐపీస్ ఆలోచన పక్కన పెట్టవచ్చు. తేడా గట్టిగా తెలిస్తే మీ బడ్జెట్ చెప్పండి, 24 నుంచి 30 మధ్యలో మీ కళ్ళజోడుకు పడే ఐపీస్ ఏదో చూసి చెప్తాను.